డాలు మీద ఊరు

నెకార్ నది ఒడ్డున ఎబెర్బాఖ్ అనే పట్టణం ఉంది. దాని చిహ్నం వెండి డాలు. డాలు అడుగున నీలి అలలు, అలల మీదుగా నడిచిపోతున్న నల్లటి మగ అడవిపంది. జర్మన్‌లో ఎబెర్ అంటే మగపంది, బాఖ్ అంటే వాగు. అక్షరం ముక్క రానివాడు కూడా ఆ బొమ్మ చూసి ఊరి పేరు చదివేస్తాడు. ఆల్ప్స్ కొండల మొదట్లో ఉన్న ఫ్యూసెన్‌కు ఒకే చోట కలిసి పరుగెత్తే మూడు కాళ్ళు. ఓక్సెన్‌ఫుర్ట్‌కు ఎద్దు. బీబెరాఖ్‌కు నెత్తిన కిరీటంతో నిక్కి నిలబడ్డ బంగారు బీవర్. ఆ ఊళ్ళ పేర్ల అసలు పుట్టుక మరేదైనా కావచ్చు. జనం చెవికి ఎలా వినిపించిందో అలాగే డాలుకెక్కింది. వీటిని అక్కడివాళ్ళు మాట్లాడే చిహ్నాలంటారు.

జర్మనీలో స్థానిక పాలనకు అట్టడుగు మెట్టు గెమైండె. మన పంచాయతీ, మన పురపాలక సంఘం రెండూ అందులోకే వస్తాయి. దేశం మొత్తం మీద అలాంటివి దాదాపు 10,700. బెర్లిన్, మ్యూనిఖ్ ఆ లెక్కలోవే. ఉత్తర సముద్రం పోటెత్తినప్పుడు దిబ్బల మీది ఇళ్ళు తప్ప చుట్టూ నేలంతా మునిగిపోయే గ్రోడె కూడా ఆ లెక్కలోదే. అక్కడి జనాభా పదిమంది, అటూ ఇటూగా. ఎక్కువ ఊళ్ళలో జనం అయిదు వేలకు మించరు. రైన్‌లాండ్-పలాటినేట్ ఒక్క రాష్ట్రంలోనే గెమైండెలు దాదాపు 2,300 ఉన్నాయి. అన్నిటికీ చిహ్నం లేదు గానీ చాలావాటికి ఉంది. రాజవంశాల లాంఛనాల మీద, మహానగరాల ముద్రల మీద రాసినవాళ్ళు ఎందరో. అయిదొందల గడప ఉన్న ఊరు తనను తాను ఒక డాలు మీద ఎలా చెప్పుకుంటుందో చూడటం మాకు అంతకంటే ఇష్టమైన సంగతి. పెద్దవాళ్ళకు గుర్తింపు అడక్కుండానే దొరుకుతుంది. చిన్న ఊరు దాన్ని కూడబెట్టుకోవాలి.

ఈ చిహ్నాలకు బలమంతా మాటలో ఉంది. ఊరి నియమావళిలో బొమ్మను ఒకటి రెండు వాక్యాల్లో వర్ణించి పెడతారు: డాలు ఏ రంగు, దాని మీద ఏముంది, అది నిలబడిందా, నడుస్తోందా, గోళ్ళు నాలుక ఏ రంగు. ఆ వర్ణన తప్పకుండా ఉంటే చాలు, చిత్రకారుడు తన చేతివాటం ప్రకారం గీసుకోవచ్చు. అందుకే ఒకే ఊరి పంది అగ్నిమాపక దళం వాహనం మీద బక్కగా, పాత నీళ్ళతొట్టి రాతి మీద బొద్దుగా కనిపించినా రెండూ అసలైనవే. రంగులు నాలుగే ముఖ్యం: ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ. వాటికి తోడు రెండు లోహాలు: బంగారం, వెండి, ముద్రణలో అవి పసుపు, తెలుపు అవుతాయి. లోహం మీద లోహం పెట్టకూడదు, రంగు మీద రంగు పెట్టకూడదు. నీలం మీద ఎరుపు దూరానికి ఆనదు. నీలం మీద పసుపు గుర్రం మీద పోతున్నవాడికి కూడా ఆనుతుంది. యుద్ధభూమిలో ఎదుటివాడు మనవాడో పరాయివాడో రెప్పపాటులో తేల్చుకోవాల్సిన రోజుల్లో పుట్టిన నియమం ఇది. కుడి ఎడమలు కూడా డాలు పట్టుకున్న మనిషివే, చూసేవాడివి కావు. ఇన్ని శతాబ్దాల తర్వాత యుద్ధాలతో పనిలేని ఊరి పెద్దలు కూర్చుని, గోధుమ కంకి పసుపు రంగులో ఉంది కాబట్టి వెనక ఆకుపచ్చ ఉండాలా నీలం ఉండాలా అని అదే నియమం ప్రకారం మాట్లాడుకుంటారు.

గ్రామాలకు ఈ డాళ్ళు యోధుల నుంచి రాలేదు. నగరాలకు 12, 13 శతాబ్దాల నుంచే ముద్రలున్నాయి. పల్లెలకు ఆ హోదా చాలాకాలం దక్కలేదు. పల్లె గుర్తు పొలిమేర రాయి మీద పుట్టింది. నైరుతి జర్మనీలో, బాడెన్, వ్యుర్టెంబెర్గ్, పలాటినేట్ ప్రాంతాల్లో, ఊరి సరిహద్దు రాళ్ళ మీద ఒక్కో ఊరికి ఒక్కో గుర్తు చెక్కేవారు. ఒక ఊరికి నాగటి కర్రు, పక్క ఊరికి కర్రుకు ముందు నేలను చీల్చుకుంటూ పోయే కత్తి, ఇంకో ఊరికి ద్రాక్షతీగలు కోసే వంకీ కత్తి, మరొకదానికి గుర్రపు లాడం. పశువులు ఎంతవరకు మేయొచ్చో, కట్టెలు ఎక్కడిదాకా కొట్టుకోవచ్చో ఆ గుర్తే చెప్పేది. 19వ శతాబ్దం చివర కార్ల్స్‌రూహెలోని బాడెన్ అభిలేఖాగారం తన గ్రామాలకు సరైన ముద్రలు తయారుచేసి ఇవ్వడానికి పూనుకున్నప్పుడు ఈ రాళ్ళనూ పాత దస్తావేజుల మీది మైనపు ముద్రలనూ వెతికింది. అలా రైతు కొట్టంలోని పనిముట్టు సింహాలకూ గద్దలకూ సమానంగా డాలుకెక్కింది. ఒక నాగటి కర్రుకు ఇంతకంటే పెద్ద గౌరవం ఏ దేశమైనా ఇచ్చిందా అనిపిస్తుంది.

అయితే అన్ని చిహ్నాలూ ఊరి చెమట నుంచి వచ్చినవి కావు. చాలావాటిలో ఏలినవాళ్ళ గుర్తు ఉంటుంది. మైన్ నది వెంట పోతుంటే ఎరుపు మీద ఆరు ఆకుల తెల్లచక్రం మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. అది మైంట్స్ ఆర్చిబిషప్ చక్రం. ఒకప్పుడు ఆయన చేతికింద ఉన్న ఊరని అర్థం. ఎక్కడో దూరాన ఉన్న ఎర్ఫుర్ట్‌కు కూడా అదే చక్రం. నీలం తెలుపు పలకలు కనిపిస్తే బవేరియాను ఏలిన విటెల్స్‌బాఖ్ వంశం, మూడు నల్ల దుప్పికొమ్ములైతే వ్యుర్టెంబెర్గ్, వెండి మీద ఎర్ర శిలువైతే ట్రియర్ ఆర్చిబిషప్. ఎవరికి పన్ను కట్టారో, ఎవరి కచేరీలో చేతులు కట్టుకుని నిలబడ్డారో ఆ గుర్తులు ఇప్పటి ఓటర్ల డాలు మీద ఉండటం కొందరికి చిన్నతనంగా తోచవచ్చు. మేం అలా అనుకోం. రాజ్యం పోయింది, ఆర్చిబిషప్ ఏలుబడి పోయింది, ఊరు మిగిలింది. మిగిలిన ఊరు జరిగింది జరిగినట్టు చెప్పుకోవడంలో తలవంపు ఏమీ లేదు. పైగా చాలా డాళ్ళలో పై సగం దొరదైతే కింది సగం ఊరిది: పైన చక్రం, కింద చేప.

ఈ చిన్న ఊళ్ళ గుర్తులను దేశం ముందు పెట్టడానికి జీవితం ధారపోసిన మనిషి ఒకాయన ఉన్నారు. మ్యూనిఖ్ పక్కనే ష్లైస్‌హైమ్‌లో ఉంటూ పనిచేసిన ఓటో హుప్ (1859-1949). నగరాలతోపాటు అంగడి ఊళ్ళు, పల్లెల చిహ్నాలనూ ముద్రలనూ ఒక్కచోట చేర్చాలని 1890ల్లో పుస్తకాలు వేయడం మొదలుపెట్టారు. పాత ముద్రల దాకా వెళ్ళి అసలు రూపం ఏదో నిగ్గు తేల్చి గీసేవారు. ఆ పని దేశమంతటికీ పూర్తి కాలేదు. కానీ ఆయన బొమ్మలు మరో దారిన ఇంటింటికీ చేరాయి. బ్రెమెన్‌లో లుడ్విగ్ రోసేలియుస్ 1906లో పెట్టిన కాఫీ హాగ్ కంపెనీ, కెఫీన్ తీసేసిన కాఫీని అమ్మేది. కొన్నవాళ్ళకు ఊళ్ళ చిహ్నాల రంగుల బిళ్ళలు ఇచ్చేది. వాటిని అంటించుకోవడానికి ఆల్బమ్‌లు కూడా వేసింది. 1920ల నాటి ఆ బిళ్ళల్లో చాలావాటిని గీసింది హుప్పే. పిల్లలు పోటీపడి పోగుచేశారు. ఎన్నడూ చూడని ఊరి పేరు, దాని డాలు, దాని రంగులు వంటింటి బల్ల మీదికి వచ్చాయి. వ్యాపార ప్రచారం కోసం చేసిందే అయినా, ఆ ఆల్బమ్‌లు ఇప్పటికీ పరిశోధకులకు పనికొస్తున్నాయంటే పని ఎంత నిజాయతీగా జరిగిందో తెలుస్తుంది.

ఊరి చిహ్నం మీద అధికారం చెయ్యి వేసిన రోజులూ వచ్చాయి. కోబుర్గ్ పట్టణం చిహ్నంలో శతాబ్దాలుగా ఒక నల్లజాతి పురుషుడి తల ఉంది. ఆ ఊరికి రక్షకుడైన సెయింట్ మారిషస్ అది. ఆఫ్రికా నుంచి వచ్చిన రోమన్ సైన్యాధికారిగా క్రైస్తవులు కొలిచే పుణ్యపురుషుడు. నాజీలకు అది కంట్లో నలుసైంది. 1934లో దాన్ని తీసేసి కత్తి, స్వస్తిక పెట్టారు. 1945లో వాళ్ళు కూలిపోగానే మారిషస్ తిరిగి వచ్చాడు. 2020లో ఇంకో ప్రశ్న లేచింది: మందపాటి పెదవులు, చెవిపోగుతో ఆ తలను గీసిన తీరు నల్లజాతివాళ్ళను కించపరిచేది కాదా అని. తీసేయమని కొందరు, ఉంచమని కొందరు సంతకాలు సేకరించారు. చిహ్నం ఉండిపోయింది. మారిషస్‌ను పోగొట్టుకోకుండానే ఆయన ముఖాన్ని ఇంకాస్త మర్యాదగా గీయవచ్చని మా అభిప్రాయం. నియమావళిలోని వర్ణన చెదరనంత వరకు చిత్రకారుడికి ఆ స్వేచ్ఛ ఎలాగూ ఉంది.

డాలు సంగతి ఇలా ఉంటే, జెండాకు దారి వేరే. చాలా ఊళ్ళ జెండాలు డాలు రంగులనే రెండు మూడు చారలుగా పరుచుకుని, మధ్యలో డాలును నిలుపుకుంటాయి. ఎక్కువగా వాటిని నిలువుగా వేలాడదీస్తారు, పైన అడ్డకర్ర కట్టి, టౌన్‌హాలు ముందు. గాలి లేని రోజున కూడా బొమ్మ ముడుచుకోకుండా కనిపిస్తుంది. కొన్ని చోట్ల మాత్రం డాలు అవసరమే లేకుండా జెండా ఒక్కటే ఊరు మొత్తాన్ని చూపెడుతుంది. వాటిలో హెల్గోలాండ్ దగ్గర కాస్త ఆగాలి.

ఉత్తర సముద్రంలో, తీరం కంటికి ఆనని దూరంలో ఉన్న ఎర్రరాతి ద్వీపం అది. జనాభా దాదాపు 1,300. జెండా మూడు అడ్డచారలు: పైన ఆకుపచ్చ, మధ్య ఎరుపు, కింద తెలుపు. పడవ మీద వచ్చేవాడికి ద్వీపం ఏ వరుసలో కనిపిస్తుందో జెండా అదే వరుసలో ఉంటుంది: కొండ మీది పచ్చిక, నిటారుగా నిలిచిన ఎర్ర ఇసుకరాతి గోడ, అడుగున తెల్లటి ఇసుక. రాజులెవరూ ఇచ్చిన రంగులు కావవి, నేలవి. 1807 వరకు డెన్మార్క్ చేతిలో, ఆ తర్వాత బ్రిటన్ చేతిలో ఉన్న ద్వీపం అది. బ్రిటిష్‌వాళ్ళు కూడా ఆ మూడు చారలను తీసేయలేదు, ఒక మూలన తమ జెండా అతికించారు. 1890లో జాంజిబార్ తదితర తూర్పు ఆఫ్రికా ప్రాంతాల మీద జరిగిన ఒప్పందంలో భాగంగా ద్వీపం జర్మనీకి వచ్చింది. మూలన ఉన్న ముక్క పోయింది, చారలు అలాగే ఉన్నాయి.

తర్వాత జర్మన్లు దాన్ని నౌకాదళ కోటగా మార్చారు. దాని ఫలితం అక్కడి జనమే అనుభవించారు. 1945 ఏప్రిల్ 18న దాదాపు వెయ్యి బ్రిటిష్ విమానాలు వచ్చి ఊరిని నేలమట్టం చేశాయి. బతికినవాళ్ళను ఒడ్డుకు తరలించారు. అక్కడొక కుటుంబం ఇక్కడొక కుటుంబంగా తలోదిక్కు అయ్యారు. 1947లో సరిగ్గా అదే తేదీన బ్రిటిష్ సైన్యం అక్కడి సొరంగాలు, స్థావరాలను పేల్చేసింది. వాడిన మందుగుండు దాదాపు 6,700 టన్నులు. ద్వీపం రూపురేఖలే మారిపోయాయి. అప్పటికీ వదల్లేదు, బాంబులు వేయడం సాధన చేసే మైదానంగా వాడుకున్నారు. అక్కడ మనిషి లేడు, ఇల్లు లేదు, గెమైండె అనదగ్గది ఏదీ లేదు. 1950 డిసెంబరు 20న హైడెల్‌బెర్గ్ నుంచి ఇద్దరు యువకులు, రెనే లాయ్‌డెస్‌డోర్ఫ్, గేఓర్గ్ ఫాన్ హాట్స్‌ఫెల్ట్, పడవలో వచ్చి ఆ శిథిలాల మధ్య దిగారు. మూడు జెండాలు ఎగరేశారు: జర్మనీది, ఐరోపా ఐక్యతా ఉద్యమానిది, హెల్గోలాండ్‌ది. మరికొందరు వచ్చి చేరారు. కొద్దిరోజులకే వాళ్ళను అక్కడినుంచి పంపేశారు గానీ విషయం అందరి నోళ్ళలో పడింది. 1952 మార్చి 1న ద్వీపం తిరిగి జర్మనీ చేతికి వచ్చింది. జనం వెళ్ళి రాయి మీద రాయి పేర్చి మళ్ళీ ఊరు కట్టుకున్నారు. ఆ ఏడేళ్ళూ ఊరనేది ఉన్నది మనుషుల మనసుల్లో, ఆ మూడు రంగుల్లోనే. ఆ ఇద్దరు యువకులు దేశం జెండాతో సరిపెట్టుకోకుండా ఊరి జెండా కూడా పట్టుకొచ్చారు చూడండి, ఎంత సరైన ఆలోచన అది!

బాంబులు చేయలేని పని కాగితం చేసిన సందర్భాలున్నాయి. 1960ల చివర, 70లలో పశ్చిమ జర్మనీ రాష్ట్రాలు పాలన ఖర్చు తగ్గించాలని చిన్న ఊళ్ళను కలిపేశాయి. 24 వేలకు పైగా ఉన్న గెమైండెలు పదేళ్ళలో దాదాపు 8,500కు దిగాయి. రోడ్లు, మురుగు కాలవలు, బడులు నడపడానికి కొంత పెద్ద సంస్థ కావాలన్న వాదనలో పస ఉంది, కాదనలేం. కానీ వేల ఊళ్ళకు ఒక్కరోజులో పాలకమండలి పోయింది, మేయర్ పోయాడు, అధికారిక చిహ్నం పోయింది. ఆ అత్యుత్సాహానికి పరాకాష్ఠ లాన్. గీసెన్, వెట్స్‌లార్ అనే రెండు పాత నగరాలనూ చుట్టూ ఉన్న 14 ఊళ్ళనూ కలిపి, మధ్యలో పారే నది పేరు పెట్టి, 1977 జనవరి 1న ఒక కొత్త నగరాన్ని ప్రకటించారు. అక్కడివాళ్ళెవరూ దాన్ని తమ ఊరు అనుకోలేదు. మూడేళ్ళు నిండకుండానే, 1979 వేసవిలో, ప్రభుత్వమే దాన్ని రద్దు చేసింది. వాహనాల నంబరు పలకల మీద వెట్స్‌లార్‌కు ఉన్న రెండక్షరాల గుర్తు మాత్రం అప్పుడు తిరిగి రాలేదు. రద్దయిన పాత గుర్తులను మళ్ళీ వాడుకోవచ్చని 2012లో నిబంధన సడలించాక వచ్చింది. దేశమంతటా అలాంటి పాత గుర్తులు వందల్లో బయటికి వచ్చాయి. ఒక తరం గడిచినా జనం వాటిని మరిచిపోలేదు.

కలిసిపోయిన పల్లెల చిహ్నాలు కూడా చట్టం లెక్కలో లేకపోయినా ఊళ్ళలో ఉన్నాయి. ఊరి మొదట్లో బోర్డు మీద, స్వచ్ఛంద అగ్నిమాపక దళం చొక్కా భుజం మీద, తిరునాళ్ళ రోజున కిటికీల్లోంచి వేలాడే జెండా మీద. కొత్తగా ఏర్పడిన పెద్ద గెమైండెకు చిహ్నం గీసేటప్పుడు ఎన్ని పల్లెలు కలిశాయో అన్ని ఆకులు, అన్ని నక్షత్రాలు, అన్ని కంకులు పెట్టడం అలవాటైంది. ఆరు ఊళ్ళకు ఆరు ఆకులు. ఎవరినీ నొప్పించని పద్ధతే, కాదనం. కానీ ఆరాకుల్లో మన ఆకు ఏదంటే ఎవరూ చెప్పలేరు. వంకీ కత్తి అయితే చంటిపిల్ల కూడా చూపిస్తుంది. అందుకని కలిపిన చోట్ల పాత జెండాలను కనీసం పండుగనాడైనా టౌన్‌హాలు ముందు ఒకే వరుసలో ఎగరనివ్వాలి. దానికి ఖర్చేమీ లేదు.

తూర్పు జర్మనీలో కథ ఆలస్యంగా మొదలైంది. సోషలిస్టు ప్రభుత్వం కింద పల్లెకు సొంత గుర్తు, సొంత జెండా అనే మాటకు చోటు తక్కువ. 1990లో దేశం ఒకటయ్యాక బ్రాండెన్‌బుర్గ్, మెక్లెన్‌బుర్గ్, సాక్సనీ ప్రాంతాల్లో పల్లె తర్వాత పల్లె చిహ్నం చేయించుకుంది. పని ఎలా జరుగుతుందంటే, పాలకమండలి ఊరివాళ్ళ ఆలోచనలు తీసుకుంటుంది. తెలిసిన చిత్రకారుడు నమూనాలు గీస్తాడు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ అభిలేఖాగారం వాటిని పరిశీలిస్తుంది. బవేరియాలో ఈ పరిశీలన చాలా గట్టిగా జరుగుతుంది. ఏ గుర్తు పెట్టాలన్న దగ్గరే రాజీపడటం కష్టం. చర్చి శిఖరం ఉండాలంటాడొకడు. వాగు ఉండాలి, ఓక్ చెట్టు ఉండాలి, గోధుమ ఉండాలి, పాత ఇటుకబట్టీ ఎలా మరిచిపోతాం అంటాడు ఇంకొకడు. అన్నీ పెడితే డాలు కిరాణా కొట్టు అలమరలా తయారవుతుంది. ఒక్క గుర్తు చాలు, మరీ అయితే రెండు, అని అభిలేఖాగారంవాళ్ళు నచ్చజెబుతారు. వాళ్ళ మాట వినని ఊళ్ళ డాళ్ళు చూస్తే తెలిసిపోతుంది, ఏమీ గుర్తుండదు. విన్న ఊళ్ళవి ఒక్కసారి చూస్తే మరిచిపోం. ఊరంతా కూర్చుని, మనకున్న వాటిలో ఇదీ మనం అనిపించేది ఏదని ప్రశ్నించుకోవడం, మిగిలినవన్నీ ఇష్టమైనవే అయినా పక్కన పెట్టడం, ఇదంతా ఏ ఎన్నికలోనూ దొరకని ఊరి ముచ్చట.

ఇలాంటి ఎంపికల్లో అందరికంటే ధైర్యం చేసింది గార్చింగ్ అనుకుంటాం. మ్యూనిఖ్‌కు ఉత్తరాన ఇసార్ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు ఒకప్పుడు రైతుల పల్లె. 1957లో అక్కడ దేశంలోనే మొదటి పరిశోధనా అణు రియాక్టర్ మొదలైంది. దాని గోపురం అచ్చం నిలబెట్టిన కోడిగుడ్డులా ఉంటుంది. జనం అణుగుడ్డు అని పేరు పెట్టారు. 1960ల్లో చిహ్నం చేయించుకున్నప్పుడు ఊరు ఆ గుడ్డును డాలు మీద పెట్టుకుంది. పూర్వులు నాగటి కర్రు పెట్టుకున్నట్టే, తన కాలంలో తన పొలంలో లేచిన దాన్ని ఇది పెట్టుకుంది. ఆ రియాక్టర్‌ను 2000లో ఆపేశారు, పక్కన కొత్తది కట్టారు. పాత గోపురం రక్షిత కట్టడంగా ఉంది. డాలు మీద గుడ్డు అలాగే ఉంది. అణుశక్తి మీద దేశం మనసు ఎంత మారినా ఊరు దాన్ని చెరిపేసుకోలేదు.

ఇప్పుడు గార్చింగ్ అంటే మ్యూనిఖ్ సాంకేతిక విశ్వవిద్యాలయం పెద్ద ప్రాంగణం. ఇంజినీరింగ్ పై చదువుకు వెళ్ళిన మన తెలుగు పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు. ఆ పక్క పల్లెల్లో అద్దెకు ఉంటున్నవాళ్ళూ ఉన్నారు. ఆ ఊళ్ళలో వేసవిలో అగ్నిమాపక దళంవాళ్ళు పండుగ చేస్తారు, మే నెలలో చిహ్నాలూ చేతివృత్తుల బొమ్మలూ తగిలించిన ఎత్తయిన స్తంభం నిలబెడతారు. వెళ్ళినప్పుడు ఆ డాలు మీద ఉన్నదేమిటని ఒక పెద్దాయనను అడగండి. వచ్చీరాని జర్మన్‌లో అడిగినా ఫరవాలేదు. కుర్చీ జరిపి కూర్చోబెట్టి, వాగు ఎటు పారేదో, చక్రం ఎవరిదో, కంకులు రెండే ఎందుకున్నాయో ఓపిగ్గా చెబుతాడు.